థార్ ఎడారి పక్షులు, ప్రకృతి: ఆన్‌లైన్‌లో ఉచిత వనరులు

భారత్, పాకిస్థాన్ సరిహద్దుకు అటూ ఇటూ సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన థార్ ఎడారి గురించి, అక్కడి పక్షుల గురించి రూపాయి ఖర్చు లేకుండా నేర్చుకునే వీలు ఇవాళ ఉన్నంతగా ఇంతకుముందెన్నడూ లేదు. పక్షుల లెక్కలకు ఈబర్డ్, గుర్తింపుకు మెర్లిన్, కూతలకు జీనో-కాంటో, మొక్కలు, పురుగులు, బల్లుల కోసం ఐనాచురలిస్ట్, పాత గ్రంథాల కోసం బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, నేల తీరు తెలుసుకోవడానికి ఇస్రో వారి భువన్ ఈ కోవలో ప్రధానమైనవి. వీటిలో పోగైన పరిశీలనల్లో ఎక్కువ భాగం జీతానికి పనిచేసేవాళ్లు చేర్చినవి కావు. సెలవు రోజుల్లో బైనాక్యులర్ మెడలో వేసుకుని తిరిగిన ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులు, ఉద్యోగులు రాసి పంపినవి. ఒక్కో వనరు ఒక్కో రకం ప్రశ్నకే సరైన జవాబిస్తుంది. ఆ తేడా గ్రహించి వాడుకుంటే, ప్రభుత్వ పటాల్లో బంజరుగా చూపించిన నేలలో ఎన్ని ప్రాణులు బతుకుతున్నాయో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఎడారి స్వరూపం

థార్‌లో అధిక భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్, బాడ్‌మేర్, బీకానేర్, జోధ్‌పుర్ ప్రాంతాల్లో ఉంది. కొంత గుజరాత్‌లోకి, కొంత పాకిస్థాన్‌లోని సింధ్, పంజాబ్ రాష్ట్రాల్లోకి సాగుతుంది. వాన పడమటి కొసన ఏడాదికి 100 మిల్లీమీటర్ల దగ్గర మొదలై తూర్పు అంచుకు వచ్చేసరికి 500 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఎడారి అనగానే కళ్లముందు మెదిలే ఇసుక తిన్నెలు ఇందులో ఒక భాగం మాత్రమే. సేవణ్ గడ్డి పెరిగే మైదానాలు, గులకరాళ్ల నేలలు, ఉప్పు పల్లాలు, ముళ్లపొదలు, దేవుడి పేరిట ఊళ్లవాళ్లు నరకకుండా వదిలేసిన ఓరణ్‌లు మిగతా భాగం. పక్షులను వెతకవలసింది ఎక్కువగా ఆ మిగతా భాగంలోనే. ప్రపంచంలోని ఎడారుల్లో జనసాంద్రత ఎక్కువగా ఉన్నవాటిలో థార్ ఒకటి. అందువల్ల ఇక్కడి ప్రకృతి కథలో మనిషి, మేక, ఒంటె ఎప్పుడూ ఉంటాయి.

ఇక్కడివాళ్లు ఖేజ్రీ అని పిలిచే చెట్టు తెలుగువాళ్లకు కొత్తది కాదు, మన జమ్మి చెట్టే అది. రాజస్థాన్‌కు, తెలంగాణకు రెండింటికీ రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పుర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను రాజు మనుషులు నరకబోతే అడ్డుకుని 363 మంది బిష్ణోయ్‌లు ప్రాణాలిచ్చారు. ఇలాంటి చెట్ల వివరాలకు లండన్‌లోని క్యూ ఉద్యానం నడిపే ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్, భారతీయ ఔత్సాహికులు, వృక్షశాస్త్రజ్ఞులు కలిసి పెంచిన ఈఫ్లోరా ఆఫ్ ఇండియా ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. శాస్త్రీయ నామాలు మారినప్పుడు వీటి విలువ తెలుస్తుంది. జమ్మి, సర్కారు తుమ్మ నిన్నమొన్నటి దాకా ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. 2022లో వచ్చిన పరిశోధన తర్వాత జమ్మి ప్రోసోపిస్‌లోనే ఉండగా, అమెరికా ఖండం నుంచి తెచ్చిన సర్కారు తుమ్మ నెల్ట్యూమా ప్రజాతికి మారింది. థార్‌లో ఒకటి దేశీ చెట్టు, రెండోది గడ్డి మైదానాలను ఆక్రమిస్తున్న పరాయి పొద. పాత పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థికి ఈ మార్పు చేరే దారి ప్రస్తుతం ఈ ఉచిత పేజీలే.

గుర్తుపట్టడం: మెర్లిన్

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పక్షిశాస్త్ర సంస్థ 2014లో విడుదల చేసిన ఉచిత యాప్ మెర్లిన్. ఎక్కడ చూశారు, ఎప్పుడు, పిట్ట ఎంత ఉంది, ఏ రంగులు, ఏం చేస్తోంది అని అడిగి కొన్ని పేర్లు సూచిస్తుంది. ఫొటో ఇస్తే దాన్ని బట్టి పేరు చెబుతుంది. 2021 నుంచి కూత విని గుర్తించే సౌకర్యమూ వచ్చింది. ప్రాంతాలవారీ ప్యాక్‌ను ముందే ఫోన్‌లోకి దించుకుంటే సిగ్నల్ లేనిచోట కూడా పనిచేస్తుంది. జైసల్మేర్ దాటాక పడమటికి వెళ్లేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

అయితే ఎడారి పిట్టలు ఈ యాప్‌కు కఠిన పరీక్ష పెడతాయి. ఇసుక రంగులో కలిసిపోయే లార్క్‌లు, పిపిట్‌లు, వీటియర్లు ఇక్కడ ఎక్కువ. ఒక్క ఉదాహరణ చూద్దాం. థార్‌లో నల్లతల పిచ్చుక-లార్క్ ఉంటుంది. తెలుగు రాష్ట్రాల మెట్ట పొలాల్లో కనిపించే బూడిదతల పిచ్చుక-లార్క్ దానికి దాయాది. మగవాటిని విడదీయడం తేలిక. ఎడారి పిట్ట నడినెత్తి నల్లగా, నుదురు తెల్లగా ఉంటుంది. మన పొలాల పిట్ట నడినెత్తి బూడిద రంగులో ఉంటుంది. ఆడవి మాత్రం రెండూ మట్టిరంగువే. ఎండలో తీసిన ఫొటోలో ముక్కు పొడవు, రొమ్ము మీది చారలు సరిగా పడకపోతే యాప్ చెప్పే పేరు ఊహే తప్ప నిర్ధారణ కాదు. అలాంటప్పుడు పక్కన ఉన్న మగపిట్ట కోసం కాసేపు ఆగడం, అదే యాప్‌లో ఆ జిల్లాకు, ఆ నెలకు ఏ జాతి నమోదైందో చూడటం మంచి పద్ధతి. పైగా గద్దలు, రాబందులు గాలిలో మౌనంగా తిరుగుతాయి కాబట్టి శీతకాలపు థార్‌లో కూత ఆధారంగా నడిచే సౌకర్యం సగం పనికే వస్తుంది.

లెక్కల ఖజానా: ఈబర్డ్

ఈబర్డ్‌ను కార్నెల్ సంస్థ, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టాయి. 2021లో దీనిలో నమోదులు వంద కోట్లు దాటాయి. భారత్‌లో దీన్ని వాడుకలోకి తెచ్చిన ఘనత బర్డ్ కౌంట్ ఇండియా అనే సంస్థల, బృందాల కూటమిది. ఏ చోటుకైనా వారాలవారీ చార్టు ఉచితంగా తెరుచుకుంటుంది. బీకానేర్ పక్కన చనిపోయిన పశువులను, ఒంటెలను పడేసే జోర్‌బీడ్ ఇందుకు మంచి ఉదాహరణ. చలికాలంలో హిమాలయన్ గ్రిఫన్, యూరేషియన్ గ్రిఫన్, నల్ల రాబందు, స్టెపీ గద్ద అక్కడ గుంపులుగా దిగుతాయి. చార్టులో వాటి గీతలు శీతకాలం మొదట్లో లావెక్కి ఎండలు ముదిరేసరికి సన్నబడతాయి. తెల్ల రాబందు గీత మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. వలస అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా తేటైన బొమ్మ దొరకదు.

ఈబర్డ్ అడిగే ఒక చిన్న ప్రశ్నలో దాని బలమంతా ఉంది. జాబితా పంపేటప్పుడు, మీరు గుర్తించగలిగిన పక్షులన్నిటినీ రాశారా అని అడుగుతుంది. అవునని చెబితే, జాబితాలో లేని పక్షి అక్కడ ఆ వేళ కనబడలేదని అర్థం చేసుకుంటుంది. అరుదైన పిట్టను మాత్రమే రాసి, పావురాన్నీ గోరింకనూ వదిలేసేవాళ్ల జాబితా ఇందుకు పనికిరాదు. కనబడలేదన్న సమాచారం వేల జాబితాల్లో పోగైతేనే ఒక జాతి తగ్గుతోందో లేదో తేలుతుంది.

దీని మీదే ఆధారపడి వచ్చింది స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక. 2023 సంచిక 942 జాతులను పరిశీలించింది. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు పంపిన 3 కోట్లకు పైగా నమోదులు దానికి ముడిసరుకు. 178 జాతులను అత్యవసరంగా కాపాడుకోవలసినవిగా గుర్తించింది. బహిరంగ నేలల్లో బతికే పక్షులు దెబ్బతింటున్నాయని ఈ నివేదిక స్పష్టంగా చెప్పింది. థార్ పొదల కొనల మీద కూర్చుని మిడతలను, బల్లులను వేటాడే గ్రేట్ గ్రే ష్రైక్ దీర్ఘకాలంలో 80 శాతానికి మించి తగ్గిపోయింది. నివేదిక, జాతులవారీ పేజీలు ఉచితం. ఎడారి ప్రకృతి మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఒక్క పత్రమే చదవగలిగితే ఇదే చదవాలి.

చెవికి పట్టే చదువు: జీనో-కాంటో

2005లో నెదర్లాండ్స్‌కు చెందిన బాబ్ ప్లాంకే, విల్లెమ్-పియర్ వెలింగా దక్షిణ అమెరికా పక్షుల కూతల కోసం మొదలుపెట్టిన జీనో-కాంటో ఇప్పుడు ప్రపంచమంతటి పక్షులకు విస్తరించింది. మిడతలు, కప్పలు, గబ్బిలాల ధ్వనులనూ చేర్చుకుంది. ప్రతి రికార్డుకూ ఒక సంఖ్య, రికార్డు చేసిన చోటు, తేదీ, నాణ్యతను బట్టి ఏ నుంచి ఇ దాకా గ్రేడు ఉంటాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల కింద దించుకోవచ్చు. రికార్డు పక్కనే సోనోగ్రామ్ బొమ్మ కనిపిస్తుంది: అడ్డంగా కాలం, నిలువుగా స్వరస్థాయి. చెవికి ఒకేలా తోచిన రెండు ఈలలు బొమ్మలో వేరువేరుగా, ఒకటి ఎగబాకే గీతగా, ఇంకొకటి వంగిన గీతగా పడతాయి. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ పద్ధతి త్వరగా పట్టుబడుతుంది. కార్నెల్ వారి మకాలే లైబ్రరీ కూడా ఇదే పని చేస్తుంది. 1929లో తీసిన రికార్డులతో మొదలైన ఆ భాండాగారంలో కూతలతో పాటు ఫొటోలు, వీడియోలు ఉన్నాయి.

ఈ కూతలను ఫోన్‌లో పెట్టి పక్షులను దగ్గరికి రప్పించడం మాత్రం చేయకూడని పని. గూడు కట్టే కాలంలో మగపిట్ట తన ఇలాకాలోకి శత్రువు చొరబడిందనుకుని గుడ్లను వదిలి పరుగున వస్తుంది. ఎడారి ఎండలో నీడ తప్పిన గుడ్డు బతకడం కష్టం.

ఒక ఈక కథ

ఉచిత వనరులను ఒకదానికొకటి జతచేసి చదివితే ఏం దొరుకుతుందో చెప్పడానికి సాండ్‌గ్రౌజ్‌ను మించిన పక్షి లేదు. పావురమంత ఉండే ఈ పక్షులు గింజలు తిని బతుకుతాయి. ఎండు గింజల్లో తేమ ఉండదు కాబట్టి రోజూ నీటి కోసం కిలోమీటర్ల దూరం ఎగిరి వెళ్తాయి. ఎగరలేని పిల్లల దాహం తీర్చేది తండ్రి. నీటిలో దిగి పొట్ట ఈకలను తడుపుకుని వచ్చి నిలబడితే, పిల్లలు ఆ ఈకలను చీకి నీరు తాగుతాయి.

ఈ సంగతిని ఇంగ్లండ్‌లో పంజరంలో పెంచిన పక్షులను చూసి ఎడ్మండ్ మీడ్-వాల్డో 1896లోనే రాశాడు. చాలామంది నమ్మలేదు. టామ్ కేడ్, గోర్డన్ మెక్లీన్ కలహారి ఎడారిలో పరిశీలించి 1967లో ది కాండోర్ పత్రికలో వివరంగా ప్రకటించాక సందేహాలు తీరాయి. ఆ పాత సంచికలు సోరా అనే ఉచిత పక్షిశాస్త్ర భాండాగారంలో పూర్తిగా దొరుకుతాయి. 2023లో అమెరికాలోని జోఖెన్ ముల్లర్, లోర్నా గిబ్సన్ సూక్ష్మదర్శినుల కింద అవే ఈకలను చూశారు. ఈక నడిమి కాడకు దగ్గరగా ఉన్న పీచు పోగులు పొడిగా ఉన్నప్పుడు చుట్టుకుని ఉంటాయి. తడవగానే విప్పారి నిటారుగా నిలబడి, సన్నని పోగుల అడవిలా మారి నీటిని పట్టి ఉంచుతాయి. మగపక్షి సుమారు 25 మిల్లీలీటర్ల నీటిని, అంటే తన బరువులో ఏడో వంతు దాకా, ఇలా మోసుకుపోగలదు.

థార్‌లో ఏడాది పొడవునా ఉండే గోధుమపొట్ట సాండ్‌గ్రౌజ్, చలికాలంలో వచ్చే నల్లపొట్ట సాండ్‌గ్రౌజ్ ఎక్కడెక్కడ ఏ నీటికుంటకు దిగుతున్నాయో ఈబర్డ్ పటం చూపుతుంది. అవి నీళ్లు తాగే వీడియోలు మకాలేలో ఉన్నాయి. 127 ఏళ్ల శాస్త్ర చరిత్రను ఒక విద్యార్థి ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రంలో అనుసరించవచ్చు.

పక్షులు కాని ప్రాణులు

ఐనాచురలిస్ట్ 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ క్యాంపస్‌లో ముగ్గురు విద్యార్థుల మాస్టర్స్ ప్రాజెక్టుగా పుట్టింది. 2023 నుంచి స్వతంత్ర లాభాపేక్ష రహిత సంస్థగా నడుస్తోంది. ఏ ప్రాణి ఫొటో పెట్టినా కంప్యూటర్ ఒక పేరు సూచిస్తుంది. తర్వాత మనుషులు సరిచేస్తారు. మూడింట రెండొంతులకు పైగా ఒకే పేరు మీద ఏకాభిప్రాయం కుదిరితే ఆ నమోదుకు పరిశోధనకు తగినదన్న హోదా వస్తుంది. థార్‌లో బొరియల ముందు ఎండ కాచుకునే ముళ్లతోక బల్లి, చింకారా, ఎడారి నక్క, జిల్లేడు మీది పురుగులు, వాన పడిన వారంలోనే మొలిచి పూసి పోయే చిన్న మొక్కలు ఇందులో కనిపిస్తాయి. ఇదే బాటలో 2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ మన దేశానికే పరిమితమై పనిచేస్తోంది. ఇవన్నీ, ఈబర్డ్‌తో సహా, చివరికి కోపెన్‌హేగెన్ కేంద్రంగా నడిచే జీబిఫ్ అనే అంతర్జాతీయ భాండాగారానికి చేరతాయి. అక్కడి నుంచి ఎవరైనా సమాచారాన్ని దించుకోవచ్చు.

ఎడారి మిడతల కోసం వేరే చోటుకు వెళ్లాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నెలనెలా విడుదల చేసే మిడతల బులెటిన్, పటాలు ఉచితం. 2020లో మిడతల దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోకి వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు జిల్లాలు అప్రమత్తమయ్యాయి. ఎక్కడో ఎడారిలో కురిసిన వాన మన పత్తిచేను మీద ఎలా ప్రభావం చూపగలదో ఆ బులెటిన్లు చదివితే తెలుస్తుంది.

పాత పుస్తకాలు, హైదరాబాద్ నుంచి ఒక పత్రిక

2006లో కొన్ని గ్రంథాలయాలు చేతులు కలిపి మొదలుపెట్టిన బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో భారతీయ పక్షిశాస్త్రపు పునాది గ్రంథాలు చాలావరకు స్కాన్ రూపంలో ఉన్నాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి నెల్లూరులోనూ ఉన్న టి.సి. జెర్డన్ రాసిన ది బర్డ్స్ ఆఫ్ ఇండియా (1862-64) వాటిలో ఒకటి. పక్షుల పేర్లతో పాటు హిందీ, తమిళ పేర్లు, వాటి వరసలోనే తెలుగు పేర్లు ఇచ్చాడతను. ముందు ముందు చెప్పుకోబోయే బట్టమేక అన్న పిట్ట పేరును అందులో చూడవచ్చు. పల్లె జనం చెప్పిన ఆ పేర్లలో కొన్ని ఇప్పుడు వాడుకలో లేవు. ఆ పుస్తకంలో అచ్చులో మిగిలాయి.

కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరిగా మనకు తెలిసిన ఎ.ఓ. హ్యూమ్ నడిపిన స్ట్రే ఫెదర్స్ పత్రిక మొదటి సంపుటంలోనే సింధ్ పక్షుల మీద సుదీర్ఘ రచన ఉంది. థార్ పడమటి పార్శ్వానికి అది తొలి సమగ్ర చిత్రం. ఈ పుస్తకాలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బట్టమేక పిట్టకు ఇప్పటి శాస్త్రీయ నామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. హ్యూమ్ కాలంలో యూపొడోటిస్ ఎడ్వర్డ్సి. పాత పేరుతో వెతక్కపోతే ఏమీ దొరకదు.

ఆధునిక కాలానికి వస్తే, హైదరాబాద్ నుంచి ఆశిష్ పిట్టీ సంపాదకత్వంలో వెలువడిన ఇండియన్ బర్డ్స్ పత్రిక సంచికలన్నీ పీడీఎఫ్ రూపంలో ఉచితం. దక్షిణాసియా పక్షుల మీద వచ్చిన రచనల సూచికను కూడా ఆయనే తయారుచేసి వెబ్‌లో అందరికీ తెరిచారు. కచ్‌లో గానీ జైసల్మేర్‌లో గానీ ఒక పక్షి మీద ఎవరు, ఎప్పుడు, ఎక్కడ రాశారో అందులో వెతకవచ్చు. మన నగరంలో జరిగిన ఈ పని గురించి తెలుగు పాఠకులకు తెలిసింది చాలా తక్కువ. అది బాధ కలిగించే విషయం.

పరిశోధన సంస్థల్లో జోధ్‌పుర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ (స్థాపన 1959) ఎడారి గడ్డి, ఇసుక తిన్నెల స్థిరీకరణ, పశుపోషణ మీద వెలువరించిన పుస్తకాలు చాలావరకు ఉచితంగా దించుకోవచ్చు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురణలూ అంతే. వరుసగా పాఠాలు వినాలనుకునేవాళ్లకు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పక్షిశాస్త్ర పరిచయ కోర్సు ఉంది.

ఆకాశం నుంచి చూపు, బంజరు అనే లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆధ్వర్యంలో 2009లో మొదలైన భువన్ పోర్టల్‌లో థార్‌ను ఇల్లు కదలకుండా చూడవచ్చు. 1984 నుంచి నేల ఎలా మారిందో గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ ఏడాదికొక బొమ్మగా చూపిస్తుంది. ఇందిరాగాంధీ కాలువ వెంట ఇసుక రంగు మధ్యలో ఆకుపచ్చ గళ్లు పుట్టి వెడల్పవుతూ పోవడం కళ్లకు కడుతుంది. నీటితో పాటు నీటిపక్షులు వచ్చాయి. గడ్డి మైదానపు పక్షులకు చోటు తగ్గింది.

ఇదే హైదరాబాద్ కేంద్రం కేంద్ర భూవనరుల శాఖతో కలిసి తయారుచేసిన వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ కూడా ఉచితమే. 2019 సంచిక ప్రకారం దేశంలో 5.57 కోట్ల హెక్టార్లు, అంటే భూభాగంలో దాదాపు 17 శాతం, బంజరు. ఎడారి ఇసుక, పొదలున్న నేల అందులో వేరువేరు పద్దులుగా చేరాయి. ఈ అట్లాస్‌ను చదివినవాళ్లు దాని పక్కన ఇంకో పటం పెట్టుకుని చూడాలి. ఎం.డి. మధుసూదన్, అబి తమీమ్ వనక్ ఉపగ్రహ చిత్రాల సాయంతో తయారుచేసి ఆన్‌లైన్‌లో అందరికీ ఇచ్చిన సహజ బహిరంగ ఆవరణాల పటం అది. దేశ భూభాగంలో దాదాపు పదో వంతు ఇలాంటి సహజమైన గడ్డి, పొద, ఇసుక నేలలని, వాటిలో చట్టరక్షణ ఉన్నది 5 శాతం కూడా లేదని వాళ్లు లెక్కగట్టారు. థార్ అందులో పెద్ద భాగం. అనంతపురం, కర్నూలు మెట్టలూ ఉన్నాయి. ఒక పటంలో ఎందుకూ కొరగానిదిగా పడిన చోటే ఇంకో పటంలో పక్షుల ఇల్లుగా కనిపిస్తుంది. రెండూ ఉపగ్రహ చిత్రాల మీద కట్టినవే. అడిగిన ప్రశ్న వేరు. సౌర ఫలకాలకు, చెట్ల పెంపకానికి స్థలం వెతికే అధికారి ముందు ఎక్కువగా ఉండేది మొదటి పటం. నా దృష్టిలో ఈ ఉచిత వనరులన్నిటిలో సామాన్యుడికి అత్యంత పదునైన ఆయుధం రెండోది.

బట్టమేక: ఒక పక్షి, అన్ని వనరులు

మీటరు ఎత్తు, 15 కిలోల దాకా బరువు ఉండే బట్టమేక పిట్ట రాజస్థాన్ రాష్ట్ర పక్షి. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. ఒకప్పుడు దక్కన్ అంతటా ఉండేది. అహ్మద్‌నగర్ జిల్లాలో రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఒక్క వేటగాడు 1809, 1829 మధ్య 961 పక్షులను కాల్చాడు. ఇప్పుడు ప్రపంచంలో మిగిలినవి 150కి అటూ ఇటూ. అవీ ఎక్కువగా జైసల్మేర్ ప్రాంతంలోనే. 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్, పోఖరణ్ పరిసరాలు దానికి చివరి ఆశ్రయాలు. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని విలుప్తం అంచున ఉన్న జాతిగా ప్రకటించింది. ఆ సంఘం రెడ్ లిస్ట్‌లోని ఈ పక్షి పేజీని ఎవరైనా చదువుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పక్షి కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. ఇప్పటి నంద్యాల జిల్లాలో 6.14 చదరపు కిలోమీటర్ల చిన్న చోటు అది. పక్షి మాత్రం అక్కడ దాదాపు కనుమరుగైంది. 

థార్‌లో దాన్ని ఎక్కువగా చంపుతున్నది విద్యుత్ తీగలు. బరువైన ఈ పక్షికి కళ్లు తలకు పక్కల ఉంటాయి, ఎదుటి చూపు తక్కువ. తీగ కనబడేసరికి తప్పుకునే వ్యవధి ఉండదు. జైసల్మేర్ తీగలు ఏటా సుమారు 18 బట్టమేకలను బలిగొంటున్నాయని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. ఆ నివేదిక ఆన్‌లైన్‌లో ఉంది. వన్యప్రాణి నిపుణుడు ఎం.కె. రంజిత్‌సింహ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీగలను భూగర్భంలోకి మార్చాలని ఆదేశించింది. ఆ ఆదేశం సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లకు వర్తించింది. 2024 మార్చిలో కోర్టు దాన్ని సడలించి, నిపుణుల కమిటీకి అప్పగించింది. సౌరవిద్యుత్ అవసరం ఒకవైపు, ఒక జాతి మనుగడ ఇంకోవైపు పెట్టి న్యాయమూర్తులు ఎలా తూచారో తెలుసుకోవడానికి ఆ తీర్పులు కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రకృతి గురించి నేర్చుకునేవాళ్లు కోర్టు తీర్పులు చదవడం అలవాటు చేసుకోవాలి. వాటిలో పక్షిశాస్త్రం, విద్యుత్ లెక్కలు, రాజ్యాంగం ఒకేచోట ఎదురవుతాయి.

జైసల్మేర్ ప్రాంతంలోని సమ్, రామ్‌దేవ్‌రా కేంద్రాల్లో బట్టమేకలను పెంచుతున్నారు. కృత్రిమ గర్భధారణ ద్వారా తొలి పిల్ల 2024 అక్టోబరులో పుట్టింది.

దాచి ఉంచే సమాచారం

ఉచితం అంటే అన్నీ బయటపెట్టడం కాదు. ఐనాచురలిస్ట్ ముప్పులో ఉన్న జాతుల చోటును కొన్ని కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చూపి అసలు చోటును మరుగున ఉంచుతుంది. ఈబర్డ్, జీనో-కాంటో కూడా కొన్ని జాతుల విషయంలో ఇలాంటి నియమాలు పాటిస్తాయి. వేటగాళ్లే కాదు, గూడు దగ్గరకు ఎగబడే ఫొటోగ్రాఫర్లు కూడా ఇందుకు కారణం. కడప జిల్లాలో 1986లో మళ్లీ బయటపడిన కలివికోడి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

తెలుగులో, తెలుగువాళ్ల మధ్య

ఈ వనరుల్లో తెలుగు వాటా చిన్నది. తెలుగు వికీపీడియాలో బట్టమేక, కలివికోడి, పాలపిట్ట లాంటి పేజీలు ఉన్నా, ఎడారి లార్క్‌లకు, గద్దలకు, సాండ్‌గ్రౌజ్‌లకు చెప్పుకోదగ్గ వివరణ కరువు. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వారి ఎర్లీ బర్డ్ కార్యక్రమం పిల్లల కోసం భారతీయ భాషల్లో బొమ్మల సామగ్రి తయారుచేస్తోంది. బడుల్లో పనిచేసేవాళ్లు మొదట చూడవలసింది అది.

ఎడారిని రోజూ చూస్తున్న తెలుగువాళ్లు ఇంకొక చోట ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్లి గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. దుబాయ్ శివారులోని అల్ ఖుద్రా చెరువుల చుట్టూ శీతకాలంలో దిగే పక్షుల్లో చాలావాటిని థార్‌లోనూ చూస్తాం. హుబారా బట్టమేకల్లో ఆసియా జాతి రెండు చోట్లా చలికాలం గడుపుతుంది. మెర్లిన్‌కు, ఈబర్డ్‌కు దేశం తేడా లేదు. సెలవు రోజున తీసిన ఫొటో ఒకటి జాబితాతో సహా చేరితే, బీకానేర్‌లో పంపిన జాబితాకు ఎంత విలువో దానికీ అంతే విలువ.